పండుగ పేరుకు పెద్ద అక్షరం, ఋతువు పేరుకు చిన్న అక్షరం

మన కళాశాలలో చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులలో పలువురు పాఠశాల విద్యను తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో ముగించుకొని వచ్చినవారు. ఈ రెండు భాషల లిపులకు రూపంలో పోలిక లేదు. ఒకటి ఎడమ నుండి కుడికి సాగుతుంది, మరొకటి కుడి నుండి ఎడమకు సాగుతుంది. అయినా ఒక్క విషయంలో రెండూ ఏకీభవిస్తాయి. క్యాపిటల్ లెటర్ అని ఆంగ్లంలో చెప్పే పెద్ద అక్షరం ఈ రెండింటిలోనూ లేదు. తెలుగులో 'క' ఎక్కడ రాసినా 'క'యే. ఉర్దూలో 'బే' అనే అక్షరం పదాదిని ఒక రూపం, మధ్యను ఒక రూపం, చివర మరొక రూపం పొందుతుంది నిజమే. కాని అది పక్క అక్షరంతో కలయిక వలన కలిగిన మార్పు. ఆ పదం ఒక వ్యక్తి పేరా, వస్తువు పేరా అన్న విచక్షణతో దానికి సంబంధం లేదు.

కాబట్టి ఆంగ్లం రాసేటప్పుడు పెద్ద అక్షరం ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడరాదు అన్న సమస్య మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురవుతుంది. వాక్యారంభంలో పెద్ద అక్షరం, మనిషి పేరుకు, ఊరి పేరుకు పెద్ద అక్షరం అన్నంతవరకు అందరికీ తెలుసు. పండుగలు, సెలవులు, ఋతువులు, శుభకార్యాలు వచ్చేసరికి కలం తడబడుతుంది. తెలుగు బోధించే అధ్యాపకుడు ఆంగ్ల వ్యాకరణం జోలికి పోవడమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఈ చిక్కుకు మూలం మన లిపులలోనే ఉన్నది. విప్పే మార్గం కూడా మన వ్యాకరణాలలోనే ఉన్నది. అందుచేతనే ఈ ప్రయత్నం.

మూలసూత్రం

తెలుగు వ్యాకరణం నామవాచకాలను విభజించేటప్పుడు ఒక్కదానికే చెందిన పేరును సంజ్ఞానామం అంటుంది; ఒక జాతికంతటికీ చెందిన పేరును జాతినామం అంటుంది. 'సారంగాపూర్' సంజ్ఞానామం, 'ఊరు' జాతినామం. ఉర్దూ వ్యాకరణం చదివినవారికి ఇదే భేదం ఇస్మె మారిఫా, ఇస్మె నకిరా అన్న పేర్లతో పరిచితం. ఆంగ్లంలోని నియమమంతా ఈ విభజన మీదనే ఆధారపడి ఉన్నది. సంజ్ఞానామానికి పెద్ద అక్షరం, జాతినామానికి చిన్న అక్షరం. మన రెండు భాషలలో మనసులో మాత్రమే ఉండే ఈ భేదాన్ని ఆంగ్లం కాగితం మీద కంటికి కనబడేటట్లు చేస్తుంది.

ఉర్దూలో దీనికి కొంత దగ్గరైన ఆచారం ఒకటి కలదు. గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్‌ను పొందుపరచినప్పుడు, ఆ పదం మీద ఒక చిన్న గుర్తు పెడతారు. అది మామూలు పదం కాదనీ, కవి కలంపేరనీ పాఠకుడు ఆ గుర్తును బట్టి గ్రహిస్తాడు. ఆంగ్లంలో పెద్ద అక్షరం చేసే పని కూడా ఇటువంటిదే.

ఈ ఏర్పాటు అనాదిగా ఉన్నది కాదు. క్రీ. శ. 113 నాటి రోమ్ నగరపు ట్రాజన్ స్తంభ శాసనం అంతా పెద్ద అక్షరాలలోనే చెక్కబడినది. ఎనిమిదవ శతాబ్దం చివర షార్లమేన్ చక్రవర్తి కాలంలో వేగంగా రాయడానికి అనువైన గుండ్రని చిన్న అక్షరాలు వ్యాప్తిలోకి వచ్చాయి. పెద్దవి, చిన్నవి కలిపి వాడే పద్ధతి అటుపిమ్మట క్రమక్రమంగా స్థిరపడింది. అచ్చు యంత్రం వచ్చిన తరువాత ముద్రాపకులు పెద్ద అక్షరాల అచ్చులను పై అరలోను, చిన్నవాటిని క్రింది అరలోను ఉంచేవారు. ఆంగ్లంలో వాటికి అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అందువలననే వచ్చాయి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో ఆంగ్లేయులు ముఖ్యమనుకున్న ప్రతి నామవాచకానికీ పెద్ద అక్షరం పెట్టేవారు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వ్రాతప్రతిలో ఈ అలవాటు కనిపిస్తుంది. జర్మన్ భాషలో నేటికీ ప్రతి నామవాచకం పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది. ఫ్రెంచి, స్పానిష్ భాషలలో వారాల పేర్లకు, నెలల పేర్లకు సైతం చిన్న అక్షరమే. నియమం భాషకు భాషకు మారుతుంది. మనం నేర్చుకోవలసినది నేటి ఆంగ్లపు ఆచారాన్ని.

పండుగల పేర్లు

పండుగ పేరు సంజ్ఞానామం. కాబట్టి అది ఏ మతానిదైనా, ఏ ప్రాంతానిదైనా పెద్ద అక్షరంతో మొదలు కావాలి. క్రిస్మస్‌కు సి పెద్దది. ఉగాదికి యు, దసరాకు డి, రంజాన్‌కు ఆర్, మొహర్రంకు ఎం, బతుకమ్మకు బి పెద్దవి. పేరులో రెండు మూడు ముఖ్య పదాలుంటే అన్నింటికీ పెద్ద అక్షరమే. గుడ్ ఫ్రైడేలో జి, ఎఫ్ రెండూ, గాంధీ జయంతిలో జి, జె రెండూ పెద్దవి. పెత్రామాస నాడు మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు, తొమ్మిదవనాటి సద్దుల బతుకమ్మకు కూడా ఇదే నియమం.

పండుగ పేరు పక్కన వచ్చే మామూలు పదాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫెస్టివల్, హాలిడే, వెకేషన్, ఫెయిర్, ప్రేయర్, ఫాస్ట్ అనేవి జాతినామాలు. దసరా హాలిడేస్ అని రాసినప్పుడు డి పెద్దది, హెచ్ చిన్నది. ఈద్ ప్రేయర్ అన్నప్పుడు ఈద్‌కు పెద్ద అక్షరం, ప్రేయర్‌కు చిన్న అక్షరం. ఇఫ్తార్, సహర్, రోజా, నమాజ్ అనేవి ఒక్కొక్క ఆచారానికి సామాన్యమైన పేర్లు. వీటిని వాక్యం మధ్యలో చిన్న అక్షరంతోనే రాయాలి.

ఇక్కడ ఒక సూక్ష్మం కలదు. మొహర్రంను మన గ్రామాలలో పీర్ల పండుగ అంటారు. దానిని ఆంగ్ల లిపిలో అదే పేరుగా రాస్తే, 'పండుగ' అన్న పదం ఆ పేరులో భాగమైపోయింది గనుక రెండు పదాలకూ పెద్ద అక్షరాలు రావాలి. మొహర్రం ఫెస్టివల్ అని వివరణగా రాస్తే మాత్రం ఫెస్టివల్‌కు చిన్న ఎఫ్ చాలు. జాతర అనే పదానికీ ఇదే వర్తిస్తుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర అన్నప్పుడు జాతర ఆ పేరులో అంతర్భాగం. మన మండలంలోని దుబ్బరాజన్న జాతర పేరును పూర్తిగా రాసినప్పుడూ అంతే. "మేము జాతరకు వెళ్ళాము" అన్న అర్థంలో రాసినప్పుడు ఆ పదానికి చిన్న అక్షరమే.

పేరు మధ్యలోని చిన్న పదాలు

ఒక పేరు మధ్యలో వచ్చే ఆఫ్, ది, అండ్ వంటి పదాలకు ఆంగ్లంలో చిన్న అక్షరాలు వాడతారు. మన పండుగల పేర్లలో దీనికి సరితూగే సందర్భం ఉర్దూ, అరబీ సమాసాలలో వస్తుంది. షబె బరాత్, షబె ఖద్ర్ అనే పేర్లలో 'ఎ' ఇజాఫత్. అనగా రెండు పదాలను కలిపే సంబంధ చిహ్నం. ఈదుల్ ఫిత్ర్, మీలాదున్ నబీ అనే పేర్లలో 'ఉల్', 'ఉన్' అన్నవి అరబీ వ్యాకరణ ప్రత్యయాంశాలు. వీటిని ఆంగ్లంలో అడ్డగీతలతో విడదీసి రాసేటప్పుడు ముందు పదానికీ వెనుక పదానికీ పెద్ద అక్షరాలు పెట్టి, నడిమి భాగాన్ని చిన్న అక్షరాలతో రాయడం ప్రసిద్ధమైన ఆచారం. ఇజాఫత్ స్వరూపం తెలిసిన ఉర్దూ విద్యార్థికి ఇది ఒక్కసారి చెబితే చాలు.

ఋతువులు

మనకు ఋతువులు ఆరు; ఆంగ్లేయులకు నాలుగు. స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అనే ఈ నాలుగు పదాలకూ వాక్యం మధ్యలో చిన్న అక్షరమే. అమెరికావారు ఆటమ్‌కు బదులు వాడే ఫాల్ అనే పదానికీ అంతే. మన వర్షాకాలాన్ని తెలిపే మాన్‌సూన్, రెయినీ సీజన్ అనేవి కూడా చిన్న అక్షరాలతోనే రాయాలి.

సోమవారానికి, జనవరికి పెద్ద అక్షరం ఉండగా వేసవికి ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. వారాల పేర్లలో, నెలల పేర్లలో పలు పదాలు దేవతల, రాజుల పేర్ల నుండి వచ్చినవి. థర్స్‌డే థోర్ అనే దేవత పేర, జూలై జూలియస్ సీజర్ పేర, ఆగస్టు ఆగస్టస్ చక్రవర్తి పేర ఏర్పడినవి. పంచాంగంలో హద్దులు గీసి, ఒక్కొక్క భాగానికి పెట్టిన పేర్లివి. ఋతువు అటువంటిది కాదు. ఎండ ముదిరితే వేసవి, చలి పెరిగితే శీతకాలం. అది ప్రకృతి స్థితిని తెలిపే సామాన్య పదం. స్ప్రింగ్ అనే పదమే మొలకలు పైకి లేవడాన్ని సూచిస్తుంది.

ఋతువుకు పెద్ద అక్షరం వచ్చే సందర్భాలు మూడు కలవు. మొదటిది, వాక్యారంభంలోను, శీర్షికలోను. జాన్ కీట్స్ కవి 1819లో రచించిన 'టు ఆటమ్' అనే ఖండిక పేరు దీనికి ఉదాహరణ. రెండవది, ఋతువు మరొక సంజ్ఞానామంలో భాగమైనప్పుడు. వింటర్ ఒలింపిక్స్ ఒక క్రీడోత్సవం పేరు. ప్రేగ్ స్ప్రింగ్ 1968లో చెకొస్లొవేకియాలో జరిగిన రాజకీయ పరిణామాల పేరు. ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళే విద్యార్థులు సంవత్సరంతో కలిపి చూసే ఫాల్ అనే పదం కూడా విద్యాసత్రం పేరుగా వాడినప్పుడు అక్కడి పలు విశ్వవిద్యాలయాల ప్రకటనలలో పెద్ద అక్షరంతో కనిపిస్తుంది. మూడవది, కవి ఋతువును మానవునిగా భావించి సంబోధించినప్పుడు. ఇది కావ్యాలకు పరిమితమైన స్వేచ్ఛ. ఉత్తరాలకు, పరీక్ష పత్రాలకు వర్తించదు.

రబీ అనే పదం చెప్పే పాఠం

ఈ నియమాన్ని జీర్ణించుకోవడానికి మన పొలాలలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. ఖరీఫ్, రబీ అనే మాటలు తెలియని రైతు కుటుంబం మన ప్రాంతంలో ఉండదు. నైరుతి రుతుపవనాలతో విత్తి శరత్కాలంలో కోసేది ఖరీఫ్, చలికాలంలో విత్తి వసంతంలో కోసేది రబీ. మన ఇళ్ళలో వానాకాలం, యాసంగి అనే మాటలు వాడుకలో ఉన్నవి. ఖరీఫ్, రబీ రెండూ అరబీ పదాలు. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. పైరుకాలాలు గనుక ఆంగ్లంలో వీటిని చిన్న అక్షరంతో రాయడం పరిపాటి.

హిజ్రీ సంవత్సరంలో మూడవ నెల రబీఉల్ అవ్వల్. ఇందులోని రబీ కూడా ఆ వసంతమే. పేరుకు అర్థం మొదటి వసంతం. కాని ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం కావాలి. ఒకే పదం పొలంలో చిన్నదై, పంచాంగంలో పెద్దదైంది. దీనికి కారణం ఆలోచించదగినది. హిజ్రీ సంవత్సరం చంద్రమానానికి చెందినది. దాదాపు 354 దినాలది. సూర్యమానంతో పోలిస్తే ఏటా పదకొండు దినాలు ముందుకు జరుగుతుంది. అందువలన రబీఉల్ అవ్వల్ ఒకప్పుడు మండుటెండలలో వస్తుంది, ఒకప్పుడు వానలలో వస్తుంది, మరొకప్పుడు చలిలో వస్తుంది. వసంతంతో దానికి ఇప్పుడు సంబంధం లేదు. అయినా పేరు పేరుగానే నిలిచింది. అర్థం తొలగిపోయినా నిలిచేది సంజ్ఞానామం. యాసంగి రాకపోతే దానిని రబీ అనలేము. అది అర్థంతోనే బ్రతికే జాతినామం.

తెలుగులోనూ దీనికి జోడు దొరుకుతుంది. వసంత పంచమి మాఘమాసంలో, ఇంకా చలి వీడని శిశిరంలో వస్తుంది. అది పండుగ పేరు గనుక ఆంగ్లంలో వి, పి రెండూ పెద్దవి. వసంతం వచ్చిందని ఆంగ్లంలో స్ప్రింగ్ అని రాస్తే మాత్రం ఎస్ చిన్నది. సందేహం కలిగినప్పుడల్లా విద్యార్థి ఈ ప్రశ్న వేసుకోవాలి: "ఇది స్థితిని చెప్పే మాటా, పెట్టిన పేరా?" సమాధానంతోనే అక్షరం తేలిపోతుంది.

ప్రత్యేక దినాలు, శుభకార్యాలు

జాతీయ దినాల పేర్లు సంజ్ఞానామాలు. భారతదేశం 1950 జనవరి 26న రిపబ్లిక్ అయిందని రాసినప్పుడు రిపబ్లిక్‌కు చిన్న ఆర్. అది ఒక పాలనా విధానం పేరు. రిపబ్లిక్ డే అన్నప్పుడు ఆర్, డి రెండూ పెద్దవి. ఇండిపెండెన్స్ అనే పదానికీ ఇదే భేదం. 1962 నుండి సెప్టెంబర్ 5న జరుపుకుంటున్న టీచర్స్ డే సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినం. 2008 నుండి నవంబర్ 11న జరుపుకుంటున్న నేషనల్ ఎడ్యుకేషన్ డే మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ జన్మదినం. ఈ ఇద్దరు విద్యావేత్తలూ 1888వ సంవత్సరంలోనే జన్మించారు. గిడుగు వెంకట రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినం. కాళోజీ జన్మదినమైన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినం. వీటిని ఆంగ్లంలో రాసేటప్పుడు ప్రతి ముఖ్య పదానికీ పెద్ద అక్షరం పెట్టాలి.

సెప్టెంబర్ 17ను గమనించండి. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన సందర్భాన్ని 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక పేరుతో, రాష్ట్ర ప్రభుత్వం మరొక పేరుతో జరిపాయి; 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇంకొక పేరు పెట్టింది. లిబరేషన్ డే అన్నా, ఇంటిగ్రేషన్ డే అన్నా, ప్రజాపాలన దినోత్సవం అన్నా వ్యాకరణం దృష్టిలో అన్నీ పెద్ద అక్షరాలకు అర్హమైన పేర్లే. ఏ పేరు సముచితమన్నది చరిత్ర విద్యార్థులు తేల్చుకోవలసిన విషయం. పెద్ద అక్షరం తీర్పు చెప్పదు. అది పేరని మాత్రమే చెబుతుంది.

కుటుంబ సందర్భాలైన బర్త్‌డే, వెడ్డింగ్, యానివర్సరీ అనేవి జాతినామాలు. అవి మనకెంత ప్రియమైనవైనా వాక్యం మధ్యలో చిన్న అక్షరమే. శుభాకాంక్షల పత్రం మీద హ్యాపీ బర్త్‌డే అనీ, ఈద్ ముబారక్ అనీ అన్నింటికీ పెద్ద అక్షరాలు పెట్టడం శీర్షిక మర్యాద. న్యూ ఇయర్స్ డే జనవరి మొదటి తేదీ పేరు గనుక పెద్ద అక్షరాలు; రాబోయే సంవత్సరమంతా బాగుండాలని కోరేటప్పుడు వాక్యంలో న్యూ ఇయర్‌కు చిన్న అక్షరాలు పెట్టవచ్చు. ఒక సంస్థ పేరుతో కలిపి గోల్డెన్ జూబిలీ అని ఆహ్వానపత్రంలో ముద్రిస్తే పెద్ద అక్షరాలు. ఏబది ఏండ్ల పండుగ అన్న సామాన్యార్థంలో చిన్నవి.

రెండు విధాల దోషాలు

జవాబు పత్రాలలో ఈ విషయమై రెండు విధాల దోషాలు కనిపిస్తాయి. మొదటిది, గౌరవం తోచిన ప్రతి పదానికీ పెద్ద అక్షరం పెట్టడం. ఎగ్జామ్, హాలిడే, సమ్మర్, మ్యారేజ్ అన్నీ పెద్దవైపోతాయి. తెలుగులో 'గారు' చేర్చినట్లు ఆంగ్లంలో పెద్ద అక్షరం చేరుస్తామన్న భావన దీనికి కారణం. ఆంగ్లపు పెద్ద అక్షరం గౌరవవాచకం కాదు. చిన్న అక్షరం అగౌరవమూ కాదు.

రెండవ దోషం ఇంతకంటె విచారించదగినది. పాఠ్యపుస్తకంలో చూసిన క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు పెద్ద అక్షరం తప్పకుండా పెట్టే విద్యార్థి బోనాలు, బతుకమ్మ, షబె బరాత్ వచ్చేసరికి చిన్న అక్షరంతో రాసి ఊరుకుంటాడు. ఇవి ఇంటి మాటలనీ, ఆంగ్లానికి చెందవనీ అతని మనసులో ఎక్కడో ఉండి ఉంటుంది. వ్యాకరణం అటువంటి తారతమ్యం ఎరుగదు. తంగేడు పూలతో పేర్చుకునే బతుకమ్మ, లండన్ వీధులలో దీపాలు వెలిగించే క్రిస్మస్, ఈద్‌గాహ్‌లో సమావేశమయ్యే ఈద్ ఆంగ్ల వాక్యంలో సమానమైన స్థానం కలవి. మన పండుగను పెద్ద అక్షరంతో రాయడం అతిశయం కాదు. నియమాన్ని పూర్తిగా పాటించడమే. బతుకమ్మ, బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగలుగా ప్రకటింపబడినవి కూడాను.

ఇది పరీక్ష మార్కులతో ముగిసే విషయం కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి వెళుతున్నారు. సెలవు కోరుతూ యజమానికి రాసే నాలుగు వాక్యాలు, ఉద్యోగానికి పంపే దరఖాస్తు వారిని చూడకముందే వారిని గురించి చెబుతాయి. సెల్‌ఫోన్ దానంతట అదే అక్షరాలు దిద్దుతుంది కదా అనవచ్చు. ఫోన్ వాక్యారంభాన్ని గుర్తిస్తుంది. తనకు పరిచయమున్న పేర్లను గుర్తిస్తుంది. మే అనే పదం నెలను చెబుతున్నదా, క్రియకు సహాయకమా అన్నచోట అది పొరబడవచ్చు. దుబ్బరాజన్నను, సద్దుల బతుకమ్మను దానికి పరిచయం చేయవలసినది మనమే.

అభ్యాసం

ఈ క్రింది వాక్యాలను ఆంగ్లంలో రాసి, పెద్ద అక్షరాలు ఎక్కడెక్కడ రావాలో నిర్ణయించండి.

1. ది దసరా హాలిడేస్ విల్ బిగిన్ ఆన్ ఫ్రైడే.
2. వి సో ప్యాడీ ఇన్ ఖరీఫ్ అండ్ మెయిజ్ ఇన్ రబీ.
3. ది నైట్ ఆఫ్ షబె బరాత్ ఫాల్స్ ఇన్ ది మంత్ ఆఫ్ షాబాన్.
4. ఇండియా బికేమ్ ఎ రిపబ్లిక్ ఇన్ 1950 అండ్ వి సెలబ్రేట్ రిపబ్లిక్ డే ఎవ్రీ జనవరి.
5. మై బ్రదర్స్ వెడ్డింగ్ ఈజ్ ఇన్ ది సమ్మర్ ఆఫ్టర్ ఉగాది.

సమాధానాలు: ప్రతి వాక్యపు మొదటి పదానికి పెద్ద అక్షరం రావాలి. అది గాక మొదటి వాక్యంలో దసరా, ఫ్రైడే. రెండవదానిలో మరేమీ లేవు. మూడవదానిలో షబ్, బరాత్, షాబాన్. నడిమి 'ఎ' చిన్నది, నైట్, మంత్ చిన్నవి. నాలుగవదానిలో రిపబ్లిక్ డే, జనవరి. అంతకుముందు వచ్చిన రిపబ్లిక్ చిన్నది. ఐదవదానిలో ఉగాది మాత్రమే. వెడ్డింగ్, సమ్మర్ చిన్నవి.

విద్యార్థులారా! తెలుగు తరగతిలో నేర్చిన సంజ్ఞానామం, ఉర్దూ తరగతిలో నేర్చిన ఇస్మె మారిఫా ఆంగ్ల తరగతిలో మీకు అక్కరకు వస్తాయని గ్రహించండి. ఒక భాషలో బాగుగా నేర్చినది మరొక భాషకు దారి చూపుతుంది. మీ ఇంట జరిగే పండుగను గురించి, మీ పొలంలోని యాసంగిని గురించి ఆంగ్లంలో పది వాక్యాలు రాసి మీ అధ్యాపకులకు చూపండి. నియమం పుస్తకం నుండి చేతిలోకి వచ్చే మార్గం అదే.